గానుగచెక్కయు చెరువుచేపయు



చేపలకు మేత పెట్టుట మనకు క్రొత్తవిద్య కాదు. కళ్యాణపురము రాజధానిగా నేలిన చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు క్రీ. శ. 1130 ప్రాంతమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమందు మత్స్యవినోదమను అధ్యాయము కలదు. అందు చేపల జాతులును, వానిని పోషించు మేతలును వర్ణింపబడినవి. రాజునకది వినోదము; మనకది జీవనోపాధి.

1957 జూలై 10వ తేదీన ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అను శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసమును సూదితో నెక్కించి మన కార్పుజాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. అంతవరకు ఏటినీటిలో వెదకి తెచ్చుకొనిన చేపపిల్లలు అటుపిమ్మట పెంపకపు కేంద్రములలోనే లభింపజొచ్చినవి. క్రమముగా కొల్లేటిసీమలో బొచ్చెయు శీలావతియు వరితోపాటు పంటలైనవి. తవుడును వేరుసెనగ చెక్కయు వాని గ్రాసమైనవి.

ఇచ్చట నొక మార్పు మన కన్నుగప్పి జరిగినది. ఎద్దుగానుగ గింజలోని నూనెనంతటిని పిండజాలదు. చెక్కలో నూటికి 10 పాళ్ల వరకు నూనె నిలిచిపోవును. హెక్సేను అను ద్రావకముతో నూనెదీయు మిల్లుల చెక్కలో మిగులునది ఇంచుమించు 1 పాలు మాత్రమే. నూనెదీసిన తవుడు గతియు నదియే. పేరు నిలిచినది, పస పోయినది.

నా తప్పును చెప్పుకొందును. మా యూరి చెరువుపాట సొమ్ముతో బడికి కప్పు వేయింపదలచితిమి. పాటదారు గానుగచెక్క కొనబోగా, "చెక్క యెక్కడిదైనను చెక్కయే" యని నేనే వారించి చౌకదానిని కొనిపించితిని. ఆ యేడు చేప బరువునకు రాలేదు. పాట సొమ్ము సగమే చేతికందినది. పిల్లలు మరియొక వానకాలము కారు కప్పుక్రిందనే చదివిరి. చెక్క యొక్కటియే కారణమని నేననజాలను. కాని గానుగ నడుపు వృద్ధులొకరు రెండు చెక్కలను కాగితముపై నొక్కి చూపిరి. ఒకదానికి నూనెమరక పడినది, రెండవదానికి పడలేదు. కావ్యములు చదివిన నాకు ఆ కాగితము చదువుట రాలేదు.

ఆ మరక విలువను శాస్త్రజ్ఞులు కొలిచినారు. 1977లో జపానుదేశపు తకేయూచి, వటనాబె అనువారు కార్పుచేప మేతలో లినోలీకు, లినోలెనికు అను కొవ్వుఆమ్లములు ఒక్కొక్కటి నూటికి 1 పాలు కావలెనని తేల్చిరి. మొదటిది నువ్వులలోను వేరుసెనగలోను సమృద్ధి. రెండవది అవిసెలో సమృద్ధి. కార్పువంటి మంచినీటి చేప ఈ రెండవదానిని, సముద్రపు చేపనూనెలో నుండు సారముగా కొంతవరకు తానే మార్చుకొనగలదు. కావున దాని పోషణకై సముద్రమును దోచ నక్కరలేదు. చేనిలోని గింజ చాలును.

మితము మాత్రము మరువరాదు. ముక్కిన చెక్క మేతకు పనికిరాదు. మిగిలిపోయిన మేత నీటిని చెరచును. ఇకమీదట చెక్క కొనునపుడు దాని పేరుతో తృప్తిపడక, అందు నూనె యెంత మిగిలినదో యడుగుడు. సెలవు.