బళ్ళారి ఎండలో మైనపు కాగితం

1882 దాకా అనంతపురం విడి జిల్లా కాదు, బళ్ళారిలో భాగం. అందుకే ఈ సీమలో ఫోటోల కథ అదే బళ్ళారి జిల్లాలో ఉండిన హంపి నుంచి ఎత్తుకోవాలి. కెమెరా పట్టినవాళ్లు ఎక్కువగా మద్రాసు సైనికాధికారులు. వృత్తి వేరు, ఇది సరదా.

పోటీల రుచి చూపింది 1855 మద్రాసు ఎగ్జిబిషన్. బేలూరు, హళేబీడు వంటిచోట్ల తీసిన 68 ఫోటోలతో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ఫస్ట్ క్లాస్ మెడల్ కొట్టేశాడు. మరుసటి ఏడాదే మద్రాస్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ పుట్టింది.

అదే 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మరో సైనికాధికారి హంపికి భారీ కెమెరా మోసుకెళ్లాడు (మోసింది కూలీలే అయ్యుంటారు). ఫోటో కోసం గాజుపలకపై పూసే కొలోడియన్ అనే రసాయనం ఈ ఎండకు ఇట్టే ఆరిపోతుంది. తడిగా ఉండగానే పనంతా కావాలి. ఆయన వాడిన మైనం పట్టించిన కాగితమైతే ముందురోజే సిద్ధం చేసుకోవచ్చు, బసకొచ్చి తీరిగ్గా కడుక్కోవచ్చు. చిక్కల్లా ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగడమే. కదిలే మనిషి పడడు, కదలని రాయి చక్కగా పడుతుంది. విఠలాలయం రాతిరథం మీద అప్పుడుండిన ఇటుక గోపురం ఆయన ఫోటోలో స్పష్టంగా ఉంది. 1983లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్లీ తీసేనాటికి ఆ గోపురం లేదు.

గుళ్లు తీస్తే ఎవరికీ అభ్యంతరం లేదు, మనుషుల్ని తీసినప్పుడే చిక్కు. 1876–78 కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే మరో అధికారి ఎముకల గూళ్లైన మనుషుల్ని వరుసగా కూర్చోబెట్టి తీశాడు. సాయం చేయకుండా ఫోటోలా అని విమర్శలు రేగాయి, సబబే. బర్మాలో మరణశిక్షల వేళ కెమెరా బిగించినందుకు 1886లో ఆయనపై విచారణే జరిగింది.