పటాలంలో పోయినవాడి పేరు

మా పెదతాత గురించి ప్రపంచంలో రాతపూర్వకంగా ఉన్నది నాలుగు వరుసలు. పయొనీర్ అనే హోదా, ఒక నంబరు, ఇండియన్ పయొనీర్ కోర్ అనే దళం పేరు, 1944 జూన్ నెలలో ఒక తేదీ, వయసు 24. ఆ కింద, ఫలానావాడి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, విశాఖపట్నం జిల్లా, ఇండియా. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారి పట్టికలో ఉన్నాయి ఆ వరుసలు. అవి అక్కడ ఉన్న సంగతి మా ఇంట్లో మొన్న మొన్నటిదాకా ఎవరికీ తెలియదు.

మా ఇంట్లో ఉన్నవి వేరు. ఆరు కొసల ఇత్తడి నక్షత్రం ఒకటి. చివికిపోయిన మనియార్డరు కూపను ముక్క ఒకటి. మా పెదమామ్మ చెప్పిన మాటలు కొన్ని. ఈ రెండు రకాల ఆధారాలనీ ఒకచోటికి తేవడానికి నాకు సెలవురోజులన్నీ కలిపి దాదాపు నాలుగేళ్ళు పట్టింది. ఆ పనిలో నేను నేర్చుకున్నది పాఠకులతో పంచుకోదగ్గదే అనుకుంటాను. చరిత్ర పుస్తకాలు సామాన్యుణ్ణి వదిలేశాయని మనం తరచుగా అంటూ ఉంటాం. నిజమే. కాని ఎలా వదిలేశాయో, ఏ చోట వదిలేశాయో ఒక మనిషిని పట్టుకుని వెతికితేగాని తెలియదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ప్రయోజనం లేదు. సింహాచలం అప్పన్న మొక్కుతో పుట్టిన మగపిల్లలకి మా ప్రాంతంలో ఇంటికొకరికి ఉండే పేరు అది. పట్టికలో ఆ పేరుతో ఉన్నవాళ్ళని చూస్తూ పోతే చూపు అలిసిపోతుంది. ఇంటిపేరు ఉంటే సులువే. కాని పటాలం గుమస్తాకి ఇంటిపేరు అక్కర్లేకపోయింది. తండ్రి పేరు, ఊరు, జిల్లా చాలనుకున్నాడు. ఆ జిల్లా కూడా ఇప్పుడు చిక్కే. మా ఊరు వంశధార ఒడ్డున ఉంది, శ్రీకాకుళం జిల్లా. ఆ జిల్లా ఏర్పడింది 1950లో. అంతకు ముందు విశాఖపట్నం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా. మూడు జిల్లాలు మారినా మా ఊరు జరగలేదు. ఊరి పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పడి, మా ఊరివాడెవడూ గుర్తుపట్టలేనట్టు తయారైంది.

తలుపు తెరిచింది ఆ ఇత్తడి నక్షత్రం. బర్మా స్టార్ అంటారు దాన్ని. యుద్ధం అయిపోయాక మా ముత్తాత పేరు మీద పోస్టులో వచ్చిందట. ముత్తాత దాన్ని కంసాలి దగ్గరకి తీసుకెళితే, గీసి చూసి, "ఇత్తడి, బాబూ" అని తిరిగి ఇచ్చేశాడట. ఆ తరవాత రెండు తరాల పిల్లలం దానితో ఆడుకున్నాం. దాని వెనక సన్నగా నంబరూ పేరూ చెక్కి ఉన్నాయని నేను గమనించింది ఎం.ఏ. కూడా పాసయ్యాకనే. పేరులో సగం అరిగిపోయింది, నంబరు నిలిచింది. ఒక రికార్డు ఆఫీసుకి రెండుసార్లు రాస్తే, రెండోసారి వచ్చిన జవాబు రెండు వరుసలు: ఆ కాలం సిపాయిల కాగితాలు ఇప్పుడు లేవు. కమిషన్ పట్టికలో మాత్రం ఆ నంబరు ఉంది. పేరు కాదు, నంబరే ఆయన్ని దొరకబుచ్చింది. ఈ మాట రాస్తుంటే నాకే కష్టంగా ఉంది గాని, జరిగింది అదే.

ఇక ఆయన పటాలంలో ఎందుకు చేరాడనేది. ఆయన ముందు రంగం వెళ్ళాడు. మా వైపు ముసలివాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. కళింగపట్నంలో ఓడెక్కితే రంగం. అక్కడ రేవు కూలీల్లో, బియ్యం మిల్లుల్లో మనవాళ్ళే ఎక్కువ. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుని బట్టి తెలుగువాళ్ళందరినీ అక్కడ కోరంగీలు అనేవారు. 1930 మేలో కోరంగీల సమ్మెని విరగగొట్టడానికి యజమానులు బర్మా కూలీలని దింపారు, సమ్మె ముగియగానే వాళ్ళని గెంటేశారు, రెండు పేద జాతులూ ఒకరినొకరు నరుక్కున్నాయి. అంత జరిగినా పిల్లలు పెద్దవాళ్ళై మళ్ళీ ఆ ఓడే ఎక్కారు. ఊళ్ళో కూలి అలా ఉండేది మరి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న పట్నం పడిపోయింది. నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి బయలుదేరారు. టిక్కెట్టు దొరికినవాడు ఓడెక్కాడు, దొరకనివాడు నడిచాడు. తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి పెట్టారని మన నాయకులు అప్పట్లోనే దుమ్మెత్తిపోశారు. మా పెదతాత నడిచినవాళ్ళలోవాడు. తామూ దాటి, కొండలెక్కి, పాలేల్ మీదుగా ఇంఫాల్, అక్కణ్ణించి దీమాపూర్ వచ్చి రైలెక్కాడు. దారిలో చచ్చిపడినవాళ్ళ మీంచి అడుగేశామని చెప్పేవాడట. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం ఆగిపోయింది. ధరలు ఎక్కుతున్నాయి. రంగం నుంచి చేతులూపుకుంటూ వచ్చిన వాడికి ఊళ్ళో ఏం పని దొరుకుతుంది? 1943లో విజయనగరం వెళ్ళి పేరు ఇచ్చాడు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. వంగదేశంలో కంపెనీ తరఫున మొదట దిగిన సిపాయిలు మద్రాసు వైపు నుంచి వెళ్ళినవాళ్ళు కాబట్టి ఉత్తరాదిలో సిపాయి అంటేనే తిలంగా అన్నారు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలని ఆ నగరం జనం తిలంగాలనే పిలిచారు, వాళ్ళలో తెలుగువాడు ఒక్కడూ లేకపోయినా. ఆ తరవాత ఇంగ్లీషు దొరలకి వీరజాతుల సిద్ధాంతం పుట్టింది. లార్డ్ రాబర్ట్స్ వంటి సేనానులు దక్షిణాదివాడు యుద్ధానికి పనికిరాడని తేల్చారు. తిలంగా మాట ఇచ్చిన జాతినే పటాలం నుంచి మెల్లగా తప్పించారు. మద్రాసు రెజిమెంటుని రెండు యుద్ధాల నడుమ రద్దు చేసి, అవసరం ముంచుకొచ్చేసరికి 1941లో మళ్ళీ లేపారు. 1939లో రెండు లక్షలున్న సైన్యం 1945కి పాతిక లక్షలయింది. అంతమందిని వీరజాతులు ఎక్కణ్ణించి తెస్తాయి? ఎక్కువమందిని ఇచ్చిన ప్రాంతాల్లో మద్రాసు రాజధాని ఒకటి. దీన్ని స్వచ్ఛంద సైన్యం అని పుస్తకాలు గొప్పగా చెప్తాయి. బలవంతపు చట్టం లేదన్నంతవరకే ఆ మాట నిజం. ఆకలి కూడా ఒక చట్టమే, దానికి గెజిటుతో పనిలేదు.

పయొనీర్ అంటే ముందు నడిచి బాట వేసేవాడని అర్థం. తుపాకీ పట్టే పని కంటే పార పట్టే పని ఎక్కువ. 1944 సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన పెదమామ్మతో అన్నాడట, "రంగం నుంచి నడిచొచ్చిన దారికే ఇప్పుడు రాళ్ళు కొట్టి రోడ్డేస్తున్నాం" అని. నేనీ మాటని చాలాకాలం పట్టించుకోలేదు. తరవాత యుద్ధ చరిత్రలు చదివితే తెలిసింది, పాలేల్ నుంచి తామూ దాకా ఉన్న కాలిబాటని లారీలు పోయే రోడ్డు చేసింది ఆ రెండేళ్ళలోనే. మా పెదమామ్మకి అక్షరం ముక్క రాదు. ఏ గ్రంథాలయమూ ఇవ్వని ఆధారం ఆమె నోట ఉంది.

ఆ రోడ్డు మీదే 1944 మార్చి నుంచి జూలై దాకా ఇంఫాల్ యుద్ధం జరిగింది. పాలేల్ పైన షెనామ్ కనుమలో కొండ కోసం కొండ కోసం కొట్టుకున్నారు. మే నెల మొదట్లో పాలేల్ విమానాశ్రయం మీదకి వచ్చినవాళ్ళలో ఆజాద్ హింద్ ఫౌజు గాంధీ రెజిమెంటు ఉంది. ఆ ఫౌజులో మలయా తోటల నుంచి చేరిన దక్షిణాది కూలీలు చాలామంది. అంటే రోడ్డుకి ఇటు పార పట్టుకున్న కూలీ, అటు తుపాకీ పట్టుకున్న కూలీ. ఇద్దర్నీ ఓడెక్కించింది ఒకటే పేదరికం.

ఒకసారి తొమ్మిదో తరగతిలో నేనీ సంగతి చెప్తే ఒక కుర్రాడు లేచి, "అయితే మాస్టారూ, మీ తాత దేశం తరఫు కాదన్నమాట!" అన్నాడు. వాణ్ణి కోప్పడలేదు. మన పాఠ్యపుస్తకాలు నేర్పిన లెక్క ప్రకారం వాడి ప్రశ్న న్యాయమైందే. ఆ లెక్కలో రెండే గళ్ళున్నాయి. జైలుకి వెళ్ళినవాడొక గడిలో, తెల్లవాడికి సలాం కొట్టినవాడొక గడిలో. పాతిక లక్షలమంది ఏ గడిలోనూ పట్టలేదు గనక వాళ్ళని పుస్తకంలోంచే తీసేశాం. ఆ యుద్ధం ఫాసిజాన్ని ఓడించిందనీ నిజమే. అది సామ్రాజ్యాన్ని నిలుపుకోవడానికి చేసిన యుద్ధమన్నదీ నిజమే. రాళ్ళు కొట్టినవాడికి ఈ రెంటిలో ఏదీ చెప్పి చేర్చుకోలేదు, కూలి చెప్పి చేర్చుకున్నారు. సాహిత్యకారులం మనకీ ఇందులో వాటా ఉంది. 1943 ఫిబ్రవరిలో, స్టాలిన్‌గ్రాడ్ గెలుపు వార్త వచ్చిన నెలలోనే, తెనాలిలో అభ్యుదయ రచయితలు సంఘం పెట్టుకున్నారు. ఫాసిజాన్ని ఎదిరించమని చెప్పారు, చెప్పవలసిందే. కాని ఆ ఏడే మా ఊరి నుంచి వెళ్ళినవాడు తిరిగి రాని ఇల్లు ఎలా ఉందో, తెలుగు కథలో వెతుక్కుంటే నాకు కడుపు నిండలేదు. వోల్గా ఒడ్డు కనిపించినంత దగ్గరగా వంశధార ఒడ్డు కనిపించలేదేమో.

ఆయన ఎలా పోయాడో పట్టిక చెప్పదు. అయితే, ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ స్వయంగా రాసిన లెక్క ఒకటి ఉంది. 1943లో గాయపడి ఆసుపత్రికి చేరిన ఒక్కొక్కడికి జబ్బుపడి చేరినవాళ్ళు 120 మంది. మలేరియా, విరేచనాలు, టైఫస్. జూన్ అంటే అక్కడ వాన విడవని నెల. తూటా కంటే దోమకి బలయ్యాడనుకోవడమే సబబు. వీరమరణం అని మా బంధువులొకరు ఫ్లెక్సీ వేయిద్దామన్నారు. నేనొద్దన్నాను. రోడ్డు పనిలో జ్వరం వచ్చి చనిపోతే అది తక్కువ చావేమీ కాదు.

ఆయన పేరు ఉన్నది యాంగాన్‌కి ఉత్తరాన టౌక్యాన్‌లో. అక్కడి రంగూన్ స్మారకం స్తంభాల మీద సుమారు 27,000 పేర్లు చెక్కారు. సమాధి ఏదో తెలియనివాళ్ళ పేర్లవి. చితి పేర్చినవాళ్ళకి వేరే పట్టికలున్నాయి. ఇంఫాల్‌లో 868 మంది, కొహిమాలో 917 మంది హిందూ, సిక్కు సిపాయిలని దహనం చేసిన గుర్తులున్నాయి. హిందువని రాసుకుంటే దహనమే, అది పటాలం లెక్క. మా కులంలో పూడ్చడం ఆచారమని ఎవడు అడిగాడు? మా పెదతాతకి చితీ దక్కలేదు, గొయ్యీ తెలియలేదు. ఆ స్మారకం మీద ఒక వాక్యం ఉంది, స్వేచ్ఛాజీవులందరి కోసం వీళ్ళు మరణించారని. ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖి, అయిదు లిపుల్లో చెక్కారు. తెలుగు లేదు. తెలుగు లేదని బాధపడాలో, 1944లో తను స్వేచ్ఛాజీవి కాని మనిషి చేత అందరి స్వేచ్ఛ కోసం చచ్చాడనిపించిన వాక్యం తన భాషలో లేనందుకు సంతోషించాలో నాకింకా తేలలేదు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. పేరైనా చెక్కారు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత బస్రాలో కట్టిన స్మారకం మీద ఇంగ్లీషు సైనికుల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిలని పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఆ యుద్ధంలో ఆఫ్రికా, ఆసియా దేశాల మృతుల్లో కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మందికి, పేరుతో గుర్తు లేకపోవడమో, అసలు గుర్తే లేకపోవడమో జరిగిందని కమిషన్ వేసిన సంఘమే 2021లో తేల్చింది. వందేళ్ళు పట్టింది ఆ లెక్క చెప్పడానికి.

ఇక మా పెదమామ్మ సంగతి. 1944 వానాకాలంలో కాగితం వచ్చింది. కరణం చదివాడు. పింఛనుకి ఆమె వేలిముద్ర కావాలన్నాడు. ఆమె, "సచ్చిపోనాడని సూసినోడెవుడు? ఆడ్ని తీసుకురండి, అప్పుడేస్తాను ఏలుముద్ర" అంది. మామగారు కొట్టబోయాడట, పుట్టింటివాళ్ళు మారుమనువు చేస్తామన్నారట. దేనికీ ఒప్పుకోలేదు. ఆమెకి ఇరవై ఏళ్ళు నిండలేదు అప్పటికి. శవం రాలేదు, చూసినవాడు రాలేదు. బొట్టు తియ్యలేదు. ఊళ్ళో ముత్తయిదువలు పేరంటానికి పిలవడం మానేశారు, అయినా తియ్యలేదు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరున పంచె పెట్టనివ్వలేదు. కూలి చేసి మరిది పిల్లలని, అంటే మా నాన్న వాళ్ళని, పెంచింది. నేను డిగ్రీ చదివే రోజుల్లో పోయింది, నుదుట బొట్టుతోనే. పింఛను రూపాయి ఆ ఇంటికి రాలేదు.

పట్టికలో ఫలానా ఆమె భర్త అని ఉన్నచోట ఆమె పేరుంది. ఒక అక్షరం తప్పు. వేలిముద్ర వెయ్యనన్న మనిషి పేరుని, ఆమె భర్త మరణానికి సాక్ష్యంగా, ఆమెని అడక్కుండానే రాసుకున్నారు. తప్పుని సరిచెయ్యమని కమిషన్‌కి రాయవచ్చు, ఆధారాలు పంపాలి. ఆమెకి జనన ధ్రువపత్రం లేదు, పెళ్ళి కాగితం లేదు. 1990ల నాటి రేషను కార్డు ఒకటి ఉంది, అందులో ఆమె పేరు ఎదుట భర్త గడిలో ఆయన పేరు రాసి ఉంది, పక్కన "లేటు" అన్న మాట లేకుండా. దాని నకలు తీసి, నక్షత్రం ఫోటోతో కలిపి మొన్న పోస్టు చేశాను.

సంక్రాంతికి మా నాన్న అడిగాడు, ఇప్పుడు తేదీ కూడా తెలిసింది కదా, పెద్దనాన్నకి కూడా ఒక పంచె పెడదామా అని. పంచె కొన్నాం. పెద్దల చాపమీద పెదమామ్మ చీర పక్కన పెట్టబోయి మా నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది ఇంకా బీరువాలో ఉంది.