ముద్ర, పిడి, చప్పుడు: మడత చాకుల సేకర్తల అభిరుచి వెనుక ఒక వృత్తి చరిత్ర

అలుగు పిడిలోకి మడుచుకునే చాకులు రోమన్ల కాలం నుంచే ఉన్నాయి. అయితే నేటి సేకర్తలు ‘సంప్రదాయ మడత చాకు’గా గుర్తించే రూపం పదిహేడో శతాబ్దం నుంచి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో క్రమంగా కుదురుకుని, పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి పనివారితో పాటు అమెరికాకు చేరింది. ఈ చాకులో తెరిచిన అలుగును బిగించే తాళం ఏదీ ఉండదు. పిడికి వెన్నెముకలా అమర్చిన ఉక్కు స్ప్రింగు అలుగు మొదలును అదిమిపట్టి, తెరిస్తే తెరిచినట్టు, మూస్తే మూసినట్టు నిలుపుతుంది. ఈ అమరికను ‘స్లిప్ జాయింట్’ అంటారు. ఇటువంటి చాకుల్లో సేకర్తలు ముద్రను, పిడి పదార్థాన్ని, అలుగుల కూర్పును, తెరుచుకునే తీరును ఎంచి చూస్తారు. ఇవి పైకి వ్యక్తిగత అభిరుచులుగా కనిపించినా, వీటిలో ప్రతి ఒక్కటీ ఒకప్పుడు పనివాడి అవసరంగానో, చట్టం ఫలితంగానో, దూరదేశపు వ్యాపారం జాడగానో పుట్టినదే కనుక, సేకర్తల అభిరుచిని చదవడమంటే ఆ వృత్తి చరిత్రను చదవడమే.

షెఫీల్డ్‌కు ఈ వృత్తి దక్కడానికి మొదటి కారణం అక్కడి నేల. డాన్, షీఫ్, పోర్టర్, లాక్స్‌లీ, రివెలిన్ అనే అయిదు నదులు కొండల మీదుగా వేగంగా దిగుతూ సాన చక్రాలను తిప్పే శక్తినిచ్చేవి. సానరాళ్లకు పనికొచ్చే గరుకు ఇసుకరాయి చుట్టుపక్కల కొండల్లోనే దొరికేది. పద్నాలుగో శతాబ్దం చివరలో చాసర్ రచించిన ‘కాంటర్‌బరీ టేల్స్’లో ఒక పిండిమర యజమాని దగ్గర షెఫీల్డ్ కత్తి ఉన్నట్టు చెప్పడాన్ని బట్టి, ఆ ఊరి పేరు అప్పటికే సరుకు నాణ్యతకు గుర్తుగా చెల్లుబాటు అయ్యేదని తెలుస్తుంది. 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన హాలమ్‌షైర్ కట్లర్ల కంపెనీ, అంటే కత్తుల పనివారి వృత్తిసంఘం, ఒక్కొక్క పనివాడికి ఒక్కొక్క ముద్రను కేటాయించి నమోదు చేసింది. జోసెఫ్ రోడ్జర్స్ సంస్థ పేరు మోసిన నక్షత్రం, మాల్టా శిలువల ముద్ర 1764లో నమోదైనది. సేకర్తలు చాకును చేతిలోకి తీసుకోగానే అలుగు మొదట్లో ఉండే ‘టాంగ్’ అనే మందపు భాగాన్ని భూతద్దంతో చూడడం వెనుక, సరుకుకు తయారీదారును జవాబుదారీ చేసిన ఆ పాత కట్టుబాటు ఉన్నది.

నేల తరువాత చెప్పుకోవలసింది ఉక్కు. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల తయారీదారు మట్టి మూసలో ఉక్కును పూర్తిగా కరిగించి పోతపోసే పద్ధతిని షెఫీల్డ్ దగ్గర రూపొందించాడు. దానివల్ల ఉక్కు అంతటా ఒకే గుణంతో ఉండి, సన్నని అలుగులు నమ్మకంగా తయారు కావడం మొదలైంది. మూసలో ఉక్కు చేయడం దక్షిణ భారతదేశానికి అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం అటువంటి ఉక్కుకు పేరుపొందిన కేంద్రం, అక్కడి సరుకు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. యూరప్ వారు ‘ఊట్జ్’ అని పిలిచిన ఈ భారతీయ ఉక్కు నమూనాలు 1790ల్లో బొంబాయి మీదుగా లండన్ చేరాయి. అక్కడి ప్రసిద్ధ కట్లర్ జేమ్స్ స్టోడార్ట్ వాటితో పెన్‌నైఫ్ అలుగును సాగగొట్టి పరీక్షించాడు. ఆపైన యూరప్‌లోని మేలైన ఉక్కు కన్నా దీనినే ఎక్కువగా ఎంచుతానని తన వ్యాపార పత్రం మీద అచ్చు వేయించుకున్నాడు. 1913లో హ్యారీ బ్రియర్లీ షెఫీల్డ్‌లోనే తుప్పుపట్టని ఉక్కును కనుగొన్న తరువాత కూడా చాలామంది సేకర్తలు పాత కర్బన ఉక్కునే కోరుకుంటారు. అది పండ్ల పులుపుకు, చేతి చెమటకు నల్లబడి, క్రమంగా నీలి బూడిదరంగు పొరను సంతరించుకుని, వాడిన కాలాన్ని ఒంటి మీదే దాచుకుంటుంది.

షెఫీల్డ్ చాకు ఒక్కరి చేతిలో తయారయ్యేది కాదు. కొలిమి దగ్గర అలుగును సాగగొట్టేవాడు ఒకడు, దానికి సాన పట్టేవాడు మరొకడు, అలుగునూ స్ప్రింగునూ పిడినీ కూర్చి చాకుగా నిలబెట్టే కట్లర్ ఇంకొకడు. వీరిలో పలువురు సొంత పనిముట్లతో అద్దె గదుల్లో పనిచేసే స్వతంత్రులు. వారిని అక్కడి మాటలో ‘లిటిల్ మెస్టర్లు’, అంటే చిన్న యజమానులు అనేవారు. సాన పట్టేవాడు గుర్రం మీద కూర్చున్నట్టు కొయ్య పీట మీద కూర్చుని, తిరిగే రాతి మీదికి ఒంగి పనిచేసేవాడు. నీరు వాడకుండా పొడిగా సాన పట్టే పనుల్లో రాతి ధూళి, ఉక్కు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, ‘గ్రైండర్ల ఉబ్బసం’ అని పిలిచిన జబ్బుతో మనుషులు నడివయసుకు ముందే చనిపోయేవారు. 1845 నాటి తన గ్రంథంలో ఎంగెల్స్ షెఫీల్డ్ వైద్యుల పరిశీలనల ఆధారంగా ఈ సంగతిని నమోదు చేశాడు. 1822లో రోడ్జర్స్ సంస్థ ఆ ఏటి సంఖ్యకు సరిపోయేలా 1,822 అలుగులతో కూర్చిన ‘ఇయర్ నైఫ్’ను గానీ, 1851 నాటి లండన్ మహాప్రదర్శన కోసం 75 అలుగులూ పనిముట్లతో చేసిన ‘నార్‌ఫోక్ నైఫ్’ను గానీ చూసి అబ్బురపడేవారు ఆ ధూళిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ముద్ర చాకు పుట్టిన కాలాన్ని కూడా చెబుతుంది. రాజముద్రగా కిరీటానికి అటూ ఇటూ ‘వి’, ‘ఆర్’ అక్షరాలుంటే అది విక్టోరియా రాణి పాలనకు, అంటే 1901కి లోపలి కాలానికి సూచన. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని విధించినందువల్ల, ‘ఇంగ్లండ్’ అనే మాట ఉన్న చాకులను సాధారణంగా ఆ తరువాతి కాలానివిగా లెక్కిస్తారు. అదే చట్టం పెంచిన సుంకం షెఫీల్డ్ ఎగుమతులను దెబ్బతీసి, అప్పటికే వలస వచ్చిన షెఫీల్డ్ పనివారితో కనెక్టికట్, న్యూయార్క్ రాష్ట్రాల్లో నిలదొక్కుకున్న అమెరికన్ పరిశ్రమకు అండగా నిలిచింది. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన కేస్ సంస్థ 1965లో ముద్రకు ‘యుఎస్ఏ’ను చేర్చి, 1970లో పది చుక్కలు వేసి, ఏటా ఒక చుక్క తగ్గించే పద్ధతి పెట్టింది. దీంతో ఏ చాకు ఏ సంవత్సరానిదో సామాన్యుడు కూడా చుక్కలు లెక్కపెట్టి చెప్పగలిగాడు. ఆ సంస్థ నమూనా సంఖ్యలూ అలాగే చదవదగినవి: 6254 అనే సంఖ్యలో 6 గాళ్లు చెక్కిన ఎముక పిడిని, 2 అలుగుల సంఖ్యను, 54 ‘ట్రాపర్’ అనే నమూనాను తెలుపుతాయి.

నమూనాల పేర్లలో వాడినవారి బతుకు కనిపిస్తుంది. ‘స్టాక్‌మన్’ పశుపోషకుల చాకు. దాని మూడు అలుగుల్లో సన్నని మొనగల ‘క్లిప్’ రోజువారీ పనులకు, తిన్నని వాదరతో మొన లేని ‘షీప్‌ఫుట్’ గిట్టలు చెక్కడం వంటి పనులకు, మొన మొద్దుగా గుండ్రంగా ఉండే ‘స్పే’ దూడలకు వృషణాలు తీసేటప్పుడు పొరపాటున గుచ్చుకోకుండా ఉండడానికి. ‘ట్రాపర్’ వేటాడిన జంతువుల చర్మం ఒలిచేవారిది. పొడవైన ఇనుప బోల్‌స్టర్, అంటే రోకలి పొన్నులా పిడి కొసను కాపాడే లోహపు తొడుగు ఉన్న ‘బార్లో’ చవకైనది, గట్టిది. 1876లో వెలువడిన మార్క్ ట్వైన్ ‘టామ్ సాయర్’లో కథానాయకుడికి బహుమతిగా దొరికేది ఇదే. ఈక కలాలను చెక్కడానికి పుట్టిన ‘పెన్‌నైఫ్’ ఉక్కు పాళీలు వచ్చి అవసరం తీరిపోయాక కూడా అదే పేరుతో తెలుగు దాకా వచ్చింది. 1865లో హత్యకు గురైన నాటి రాత్రి అబ్రహాం లింకన్ జేబులో ఉన్న వస్తువుల్లో దంతపు పిడి మడత చాకు ఒకటి. అది నేటికీ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది.

పిడి పదార్థాల విషయంలో అభిరుచికి నైతిక భారం కూడా తోడవుతుంది. రోడ్జర్స్ వంటి సంస్థలు గోదాముల నిండా ఏనుగు దంతాలు నిల్వ చేసేవి; 1989లో అంతర్జాతీయ దంతాల వ్యాపారం మీద నిషేధం నిర్ణయమైన తరువాత, పాత దంతపు పిడి చాకు అందం ఎంతటిదైనా, దాన్ని దేశం దాటించడమే ఒక చట్టపరమైన ప్రశ్నగా మారింది. సేకర్తలు అన్నిటికన్నా మిన్నగా తలచే కొమ్ము పిడి భారతదేశానిది. తెలుగులో కణితి, కణుజు అని పిలిచే సాంబార్ దుప్పి కొమ్ములో లోపలి మెత్తని గుజ్జు తక్కువ, గట్టి భాగం మందం. అందువల్ల పైన ముడతలు ముడతలుగా ఉండే సహజమైన బెరడును పోనివ్వకుండానే పలకలుగా కోసి చాకుకు తొడగవచ్చు. నల్లమల అడవుల్లోనూ తిరిగే ఈ దుప్పి కొమ్మును ఏటా తానే రాల్చుకుంటుంది గానీ, రాలిన కొమ్ముకూ చంపి తీసిన కొమ్ముకూ తేడా సంతలో కనిపెట్టడం కష్టం. భారత ప్రభుత్వం 1998లో ఎగుమతిని నిషేధించడంతో పాత నిల్వల విలువ పెరిగింది. వీటితో పోలిస్తే పశువుల ఎముకకు గాళ్లు చెక్కి రంగు వేసిన పిడులు చవక. అయినా ఒక్కొక్క సంస్థ చెక్కిన తీరు వేరు కావడంతో, వాటిని చూసే తయారీదారును గుర్తుపట్టే సేకర్తలు ఉన్నారు. రంగురంగుల సెల్యులాయిడ్ పిడి మాత్రం కాలక్రమంలో విచ్ఛిన్నమై ఆమ్లవాయువులు వదిలి, పక్కనున్న చాకుల ఉక్కును కూడా తుప్పు పట్టిస్తుంది కనుక దాన్ని విడిగా భద్రపరుస్తారు.

ఇన్ని పరీక్షల తరువాత మిగిలేది చేతికీ చెవికీ సంబంధించినది. అలుగు మీది గోటి గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగితే, స్ప్రింగు మొదట బిగువుగా ప్రతిఘటించి, తరువాత నునుపుగా జారి, చివర ‘టక్’మని పడుతుంది, కొన్నిటిలో సగం దారిలో కూడా ఒక మజిలీ ఉంటుంది. ఈ నడకకూ చప్పుడుకూ ఆంగ్ల సేకర్తలు ‘వాక్ అండ్ టాక్’ అని పేరు పెట్టారు. మంచి చాకులో అలుగు తెరిచినా మూసినా స్ప్రింగు వీపు పిడి అంచుతో సమంగా ఉండి, వేలితో తడిమితే ఎక్కడా ఎత్తుపల్లాలు తగలవు. దీన్ని సాధించడానికి కట్లర్ చాకును తాత్కాలికంగా కూర్చి, చూసి, విప్పి, టాంగ్‌ను ఆకురాయితో వీసమంత రాచి, మళ్లీ కూర్చి, చివరకు శీలలు బిగిస్తాడు. 1941లో ఇబ్బర్సన్ సంస్థలో కుర్రవాడిగా చేరి, 2021లో మరణించిన స్టాన్ షా ఈ విద్యలో షెఫీల్డ్ చివరి తరపు మహాశిల్పులలో ఒకరు. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం మూడు అంగుళాలు మించని, తాళం పడని మడత చాకును కారణం చూపనక్కర లేకుండా వెంట ఉంచుకోనివ్వడం వల్ల కూడా ఈ పాత స్ప్రింగు అమరిక జేబులో కొనసాగుతున్నది.

సేకర్తల మధ్య తీరని వివాదం ఒకటి ఉంది. ఒక వర్గం ఎన్నడూ పదును పెట్టని, పెట్టెలోంచి తీయని చాకునే కోరుతుంది. అరిగిన అలుగుకు విలువ సగానికి పైగా తగ్గిస్తుంది. ఈ గిరాకీయే దొంగముద్రలకూ, రెండు మూడు విరిగిన చాకుల భాగాలు కలిపి కొత్తదిగా అమ్మే మోసాలకూ దారితీసింది. మరొక వర్గం అరుగుదలనే ఆదరిస్తుంది. చరిత్ర దృష్టితో చూస్తే ఈ రెండో వర్గం వాదనలో బలం ఎక్కువ. చాకు మీద ముద్ర సంస్థది; చుక్కలు సంవత్సరానివి; కానీ దాన్ని సాగగొట్టినవాడి పేరు, ధూళి పీలుస్తూ సాన పట్టినవాడి పేరు, ఏళ్ల తరబడి పొలంలో దానితో పనిచేసినవాడి పేరు ఎక్కడా చెక్కి ఉండవు. వాడినవాడి ఆనవాలు అరిగిన అలుగు ఒంపులో ఉంది. చేసినవారి ఆనవాలు స్ప్రింగు అంచు కలిసిన తీరులో, అలుగు మూసినప్పటి ‘టక్’ అనే చప్పుడులో ఉంది. ముద్ర దగ్గరే ఆగిపోయే సేకరణ సంస్థల చరిత్రను మాత్రమే భద్రపరుస్తుంది. తడిమి, విని, అరుగుదలను గౌరవించే సేకరణ ఆ పేరులేని మనుషుల చరిత్రను కూడా భద్రపరుస్తుంది.