చందాలతో బ్రతికిన రైలు

బొగ్గు నలుసు కంట్లో పడి, తెల్ల చొక్కా మసిబారి ఇంటికి చేరిన రోజులు మన సభ్యుల కుటుంబాలలో పెద్దవారికి బాగా జ్ఞాపకమే. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ సర్వీసు 1995లో ఆగిపోయింది. బ్రిటన్ ప్రభుత్వ రైల్వేలో పెద్ద లైన్ల మీద అది 1968 ఆగస్టులోనే ముగిసినది. అయినను అక్కడ నేటికీ ఎన్నో చిన్న రైళ్ళు ఆవిరితోనే నడుచుచున్నవి. వాటిలో చాలావాటికి ఆధారం సభ్యుల చందా, వారి ఒంటి కష్టము. ఈ పద్ధతికి మొదలు ఎక్కడో మన సావనీరు పాఠకులకు చెప్పవలెనని మా కోరిక.

అది వేల్సు దేశంలోని టాలిల్లిన్ రైల్వే. కొండ మీది గని నుండి పలక రాయిని సముద్రతీరమున గల టవిన్ ఊరికి దించడానికి 1865లో వేసినారు. పట్టాల మధ్య వెడల్పు 27 అంగుళాలే. రాయితో పాటు ఊరి జనాన్ని కూడా ఎక్కించుకునేవారు. 1911లో గనిని, రైలును కలిపి సర్ హెన్రీ హేడన్ జోన్స్ అను పార్లమెంటు సభ్యుడు కొన్నారు. 1946లో గని మూతపడినది. ఇక రైలుకు మోయడానికి సరుకు లేదు. అయినా తాను బ్రతికి ఉన్నంత కాలం బండి నడుస్తుందని ఆయన మాట ఇచ్చినారు, నిలబెట్టుకున్నారు. 1948లో ప్రభుత్వం రైళ్ళన్నింటినీ జాతీయం చేసినప్పుడు ఈ బుల్లి రైలు ఆ జాబితాలోకే ఎక్కలేదు! 1950 జూలైలో సర్ హెన్రీ కాలం చేశారు. మాట ఇచ్చినవారే పోయాక మరి బండి సంగతేమిటి?

టామ్ రోల్ట్ అను రచయిత, మరికొందరు రైలు పిచ్చి గలవారు కలిసి అదే ఏడు అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో ఒక హోటలులో మీటింగు పెట్టినారు. సుమారు 70 మంది వచ్చారు. సొసైటీ ఏర్పడినది. సర్ హెన్రీ భార్యగారు రైల్వేను అమ్ముకోకుండా సొసైటీతో కలిసి ఒక ఉమ్మడి కంపెనీకి అప్పగించుటకు ఒప్పుకున్నారు. 1951 మే 14న మొదటి బండి కదిలింది. సభ్యులు నడిపిన రైలు ప్రపంచంలో అదే మొదటిది.

కాని వారి చేతికి వచ్చిన ఆస్తి ఏపాటిది? పట్టాలు అరిగి, చెక్కలు కుళ్ళి, గడ్డి వేళ్ళే దారిని పట్టి ఉంచినట్లుండేది. నడిచే ఇంజను ఒక్కటే, 1866 నాటి డాల్గోఖ్. అది మొరాయిస్తే ఆ రోజుకు బండి లేనట్లే. దగ్గరలో మూతపడిన కోరిస్ రైల్వేకు అదే 27 అంగుళాల ఇంజన్లు రెండు మిగిలి ఉంటే కొనుక్కొచ్చారు. తీరా పట్టాల మీద పెడితే, దారి వెడల్పు సాగిపోయి ఉన్నందున వాటిలో ఒకటి పట్టాల నడుమ జారిపడింది! రెండవదానిని హన్స్‌లెట్ అను ఇంజన్ల కంపెనీవారు పైసా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చినారు. చందా పుస్తకం పట్టుకొని గడప గడపకూ తిరిగిన మన సభ్యులకు ఆ ‘పైసా తీసుకోకుండా’ అన్న మాట విలువ తెలుసు.

సెలవు రోజుల్లో గుమాస్తాలు, టీచర్లు, స్టూడెంట్లు వచ్చి గడ్డి కోసేవారు, బొగ్గు వేసేవారు, టికెట్లు చింపేవారు. పిల్లలకు రైలింజన్ల కథలు వ్రాసిన ఆడ్రీ అను ఫాదరీ కూడా అక్కడ పనిచేసినవారే. 1953లో వచ్చిన ‘టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్’ అను హాస్యచిత్రానికి ప్రేరణ ఈ రైలే. ఆ తరువాత ఇతర చోట్ల కూడా జనం ధైర్యం చేసినారు. 1960లో బ్లూబెల్ రైల్వే పెద్ద గేజి మీద మొదలైంది. 1963లో బీచింగ్ నివేదికతో ప్రభుత్వం ఎన్నో లైన్లు మూయగా, అటువంటివి కొన్ని ఇలాంటి సొసైటీల చేతికే వచ్చినవి.

ఒక పేచీ మాత్రం ఉన్నది. టాలిల్లిన్ పేరు గల పాత ఇంజనును 1958 నాటికి దాదాపు కొత్తదాని వలె తిరిగి కట్టినారు. ఇంత మార్చాక ఇది పాత ఇంజనేనా అని అడిగేవారున్నారు. మా మట్టుకు అది పాతదే. ఇంటి కప్పు మార్చినంత మాత్రాన తాతగారిల్లు పరాయిదవుతుందా?

1976లో దారిని గని దిక్కున నాంట్ గ్వెర్నోల్ దాకా పొడిగించి, పూర్వము రాయి మాత్రమే దిగిన చోటికి ప్రయాణీకులను తీసుకువెళ్ళినారు. 2021లో యునెస్కో వారు వేల్సు పలక రాతి సీమను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ రైలూ అందులో చేరినది. డాల్గోఖ్ ఇంజను ఇంకా అక్కడే, ఆ సొసైటీ వారి చేతిలోనే ఉన్నది.