భిలాయి తెలుగు వంటిళ్లు: చద్దన్నం, దిబ్బరొట్టె, తరాలు నిలిచే పాత్రలు

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న భిలాయి, ఉక్కు కర్మాగారం చుట్టూ ఎదిగిన నగరం. సోవియట్ యూనియన్ సహకారంతో కర్మాగారం నిర్మించేందుకు 1955లో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు ఇక్కడికి పనికి వచ్చారు. 1931 నాటికే పూర్తయిన విజయనగరం–రాయ్‌పుర్ రైలుమార్గం వారి రాకపోకలకు ఆధారమైంది. ఉద్యోగ విరమణతో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసిన కుటుంబాలు టౌన్‌షిప్ వెలుపలి కోహ్కా వంటి ప్రాంతాలలో స్థిరపడ్డాయి. ఊరి నుంచి వెంట తెచ్చుకున్న వంటలతోపాటు వాటికి తగిన పాత్రలూ ఆ ఇళ్లకు చేరాయి.

రెండు పేర్లు, ఒకే అన్నం

ఉత్తరాంధ్ర వారికి ఛత్తీస్‌గఢ్‌లో కొత్తగా అనిపించని ఆహారం ‘బోరే బాసీ’. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, మరునాడు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పుతో తినడం ఇక్కడి రైతుకూలీల అలవాటు. తెలుగువారికి ఇదే చద్దన్నం. గంజి, కుడితి నీళ్లను కుండలో పులియబెట్టే తరవాణి దీనికి దగ్గరి చుట్టం. రాత్రంతా నానిన అన్నంలో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు పెరిగి, లేత పులుపు వస్తుంది. మట్టికుండ గోడల నుంచి నీరు కొద్దికొద్దిగా ఆవిరవుతుంది కనుక ఎండాకాలంలోనూ లోపలి అన్నం చల్లగా ఉంటుంది. కార్మిక దినోత్సవమైన మే 1న బోరే బాసీ తినాలని 2022లో నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునివ్వడంతో, శ్రమజీవుల ఈ ఆహారానికి అధికారిక గౌరవం దక్కింది.

మూకుడు లేనిదే దిబ్బరొట్టె లేదు

పాత్ర మారితే రుచి మారుతుందనడానికి దిబ్బరొట్టె మంచి నిదర్శనం. మూడు నాలుగు గంటలు నానిన మినపప్పును గట్టిగా రుబ్బి, దానికి రెండింతల బియ్యపు రవ్వ, ఉప్పు, జీలకర్ర కలుపుతారు. ఇనుప మూకుడులో నూనె కాగిన తరువాత పిండిని మందంగా పరచి, మూతపెట్టి సన్నని సెగపై కాలుస్తారు. కట్టెల పొయ్యి రోజులలో మూతపైనా నిప్పులు వేసేవారు. మందపాటి ఇనుము నిదానంగా వేడెక్కి, ఆ వేడిని చాలాసేపు నిలుపుకుంటుంది. అందుకే అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉడుకుతుంది. పలుచని అల్యూమినియం గిన్నెలో అదే పిండి అడుగు మాడి, నడుమ పచ్చిగా మిగులుతుంది. అల్లం పచ్చడి గానీ, బెల్లం పాకం గానీ దీనికి తోడు.

ఇనుప పాత్రలో పులుపు గల కూర వండితే కొంత ఇనుము ఆహారంలోకి చేరుతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మూకుడు దానికి చికిత్స కాదు, ఆహారానికి చిన్న తోడ్పాటు మాత్రమే. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. తరచూ రక్తం ఎక్కించుకునే రోగుల శరీరంలో ఇనుము పేరుకునే ప్రమాదం ఉన్నందున, అటువంటివారు వైద్యుల సలహా పాటించాలి.

పాత పాత్రల పోషణ

తుప్పు పట్టిన మూకుడు పనికిరానిదేమీ కాదు. తుప్పును బాగా తోమి, కడిగి, పొయ్యిపై తడి ఆరనివ్వాలి. పలుచగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాచి చల్లార్చాలి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే నూనె గట్టి పొరగా మారి, పిండి అంటుకోకుండా కాపాడుతుంది. పోత ఇనుము వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోయరాదు. తుప్పుకు మందు ఉంది గాని బీటకు లేదు. పులుసు వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి.

ఇత్తడి గిన్నెకు కళాయి ప్రాణం. గిన్నెను కాచి, నవాసారం చల్లి, తగరాన్ని లోపల అద్ది దూదితో తుడుస్తారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక ఇత్తడికి హాని కలగదు. లోపల పసుపు రంగు కనిపించిందంటే కళాయి అరిగినట్లే. అటువంటి గిన్నెలో చింతపండు, పెరుగు, నిమ్మరసం వేసి వండితే రాగి ఆహారంలోకి దిగి వాంతులకు, కడుపునొప్పికి దారితీస్తుంది. పూతకు సీసం కలవని తగరమే వాడాలి. వీధుల్లో కేకవేస్తూ వచ్చే కళాయివారు అరుదైపోవడంతో చాలా ఇళ్లలో ఇత్తడి గిన్నెలు అటకెక్కాయి.

పులుసుకు రాచ్చిప్ప మరో మార్గం. రాతి పాత్ర పులుపుతో చర్య జరపదు. దించిన తరువాత కూడా పులుసు కొంతసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. అందుకే కాస్త ముందుగానే దించాలి.

భిలాయి ఉక్కులో ప్రధాన భాగం రైలు పట్టాలకు, నిర్మాణాలకు వెళుతుంది. ఇంటి మూకుడు మాత్రం చాలావరకు ఊరి కమ్మరి కొలిమి నుంచో, సంత నుంచో వచ్చినదే. ఇల్లు మారేటప్పుడు పాత సామాను కొనేవారు దానిని బరువు చూసి కొంటారు. తూకానికి వేసేముందు బీట ఉందో లేదో చూడాలి. బీట లేకపోతే, ఒక పూట శ్రమతో ఆ మూకుడు మళ్లీ దిబ్బరొట్టెకు సిద్ధమవుతుంది.