భద్రాద్రి అడవిలో పారిజాతం



స్వామివారి అర్చనకు తోటలో పెంచిన పూలే తగునని, అడవిపూలు తగవని కొందరు తలుస్తున్నారు. గీత 9వ అధ్యాయంలో భగవానుడు ఆకునైనా పూవునైనా భక్తితో సమర్పిస్తే గ్రహిస్తానన్నాడే గాని, అది ఏ నేలలో పూచినదని అడుగలేదు.

పారిజాతాన్నే చూద్దాము. నందనవనంలోని ఆ వృక్షాన్ని శ్రీకృష్ణుడు సత్యభామ పెరటికి తెచ్చిన కథను నంది తిమ్మన 16వ శతాబ్దిలో ప్రబంధంగా రచించి శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. ఆ కథాబలం వల్ల పారిజాతం పెరటిచెట్టుగానే మన మనస్సులలో నిలిచిపోయింది. (ఉత్తరప్రదేశ్‌లోని కింతూరులో ఇదే పేరుతో పూజలందుకొనేది వేరొక మహావృక్షము.) మన ఇండ్లలో పూచే పగడమల్లె నిజానికి అడవిచెట్టు. హిమాలయాల దిగువ కొండల నుండి మధ్యభారతపు అరణ్యాల మీదుగా గోదావరి వరకు అది తనంతట తానే పెరుగుతుందని వృక్షశాస్త్రజ్ఞులు వ్రాశారు. ఆ గోదావరి ఉత్తరపు ఒడ్డుననే భద్రాద్రి వెలసియున్నది. ఖమ్మం వైపు నుండి వచ్చే యాత్రికుడు వంతెన దాటితే పారిజాతపు పుట్టినింటి గడపలో అడుగుపెట్టినట్లే.

రాత్రి పూచి వేకువకు రాలిపోయే ఈ చెట్టుకు లిన్నేయస్ 1753లో దుఃఖవృక్షమనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మాకందులో దుఃఖమేమీ కనబడదు. సుప్రభాతవేళకు తానే నేలకు దిగివచ్చే పూవది. రాలిన పూలు పూజకు పనికిరావన్న నియమం నుండి పెద్దలు పారిజాతాన్ని మినహాయించారు. దాని పగడపు కాడల నుండి తీసిన కాషాయవర్ణాన్ని పూర్వం పట్టుబట్టలకు అద్దేవారు. ఆకు రాల్చిన కొమ్మలపై బంగారంలా పూచే కొండగోగు సంగతీ ఇటువంటిదే. ఆలయాలలో వాడుక ఉన్నందున దాని శాస్త్రనామంలోనే ధర్మసంబంధమైన పదం చేరింది.

1672 నుండి 1687 వరకు గోల్కొండనేలిన తానీషా కొలువులో పాల్వంచ తహశీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న ఆలయాన్ని నిర్మించాడు. అంతకు ముందే పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ పుట్టలోని మూర్తులను గోదావరి జలంతో పుట్టమన్ను కరిగించి వెలికితీసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం చెబుతున్నది. అప్పటికి గుడి లేదు, గుడికి తోట అసలే లేదు. అడవి ఇచ్చినదే ఆ తల్లి స్వామికి ఇచ్చింది.

పెరటిలో పారిజాతం కోరేవారు అడవిమొక్కను వేళ్లతో పెకలించి తేవలదు. చలికాలంలో బిళ్లవంటి కాయలు ఎండుతాయి. ఒక్కొక్క దానిలో రెండు విత్తనాలుంటాయి. ఏ పెరటిచెట్టు క్రిందనైనా నాలుగు కాయలు ఏరుకొంటే చాలును.