పెంచిన చేతుల భాష

స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటిలో బడిపుస్తకం పిల్లవాణ్ణి ‘నీన్యో’ అనే అంటుంది. ఇంట్లో, వీధిలో మాత్రం ఎక్కడి మాట అక్కడిదే: ఈక్వడార్, బొలీవియాల్లో గ్వాగ్వా, మెక్సికోలో ఎస్క్వింక్లె, బ్యూనస్ ఎయిరీస్‌లో పీబె, స్పెయిన్‌లో చబాల్. వీటిని వట్టి యాస తేడాలని కొట్టిపారేస్తే చరిత్రకు ఒక గట్టి ఆధారం పోతుంది. పిల్లల్ని ఎవరు పెంచారో, ఎవరి పక్కన ఎవరు బతికారో ఈ మాటలు చెబుతాయి. గ్వాగ్వానే చూద్దాం. అది ఆండీస్ ఆదివాసీల క్వెచువా భాషలోని ‘వావా’. ఆ భాషలో తల్లి తన బిడ్డను వావా అంటుంది. తండ్రి మాత్రం కొడుకును చురి అనీ, కూతురిని ఉసుసి అనీ అంటాడు. స్పానిష్ ఇళ్లలో నిలిచింది తల్లి మాటే. వలస పాలనలో దొరల బిడ్డలకు పాలిచ్చి జోకొట్టిన దాదుల్లో ఎందరో ఆదివాసీ స్త్రీలు కావడమే దీనికి సరైన కారణంగా తోస్తుంది.

వావా అన్నది పసివాళ్ల ఏడుపును పోలిన ధ్వని, ఎక్కడైనా పుట్టవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అదే నిజమైతే క్యూబాలోనూ దానికి ఆ అర్థమే ఉండాలి. అక్కడ గ్వాగ్వా అంటే బస్సు. బిడ్డ అనే అర్థం దక్షిణ కొలంబియా నుంచి చిలీ, వాయవ్య అర్జెంటీనా దాకా, అంటే ఇంచుమించు క్వెచువా మాట్లాడిన ఇంకాల ఏలుబడి సాగిన మేర వినిపిస్తుంది. ఎస్క్వింక్లె మీద వచ్చే అభ్యంతరం ఇంకా బలమైనది. మెక్సికో ఆదివాసీల నహువాట్ల్ భాషలో కుక్కను చెప్పే ‘ఇట్స్‌క్వింట్లి’ నుంచి వచ్చిన ఆ మాటను తరచు విసుగుతోనే అంటారు. అందులో ఆప్యాయత ఏదీ అని అడగవచ్చు. ఉండకపోవచ్చు. కానీ మాట చేతులు మారడానికి ప్రేమే అక్కర్లేదు, సహవాసం చాలు. కసురుకోవడానికైనా ఆ మాట నోట్లో నానాలి.

1770లో స్పెయిన్ రాజు మూడో కార్లోస్ అమెరికాలోని స్థానిక భాషలు అంతరించి కాస్తీలియన్, అంటే స్పానిష్, ఒక్కటే మిగలాలని ఆజ్ఞాపించాడు. 1783లో రోమానీ ప్రజల భాషనూ వేషాన్నీ నిషేధించాడు. అయినా స్పెయిన్ కుర్రవాళ్లను నేటికీ పిలిచే చబాల్ రోమానీల మాటే. వాళ్లతో భారతదేశం నుంచి వెళ్లిన ఆ మాట, ‘మృగశాబకం’లో మనం ఎరిగిన శాబ శబ్దానికి చుట్టం. పీబె ఇటలీ వలస జనంతో వచ్చింది. 1914 జనగణన నాటికి బ్యూనస్ ఎయిరీస్‌లో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవాళ్లే. రాజాజ్ఞ కచేరీ భాషను శాసించగలిగింది కానీ ఉయ్యాల దగ్గరికి చేరలేకపోయింది. దాదులకూ కూలీలకూ తమ చరిత్ర తాము రాసుకునే అవకాశం దక్కలేదు. అందుకే ఈ మాటల్ని వీధి భాష అని పక్కన పెట్టకుండా, దస్తావేజులంత శ్రద్ధగా చదవాలి.